మెదడుకు స్వల్ప విద్యుత్తు: వర్కింగ్ మెమరీ నిజంగా పెరుగుతుందా?

రాయ్‌పూర్: నగరంలోని శాస్త్రి బజార్‌లో ఒక తెలుగు గృహిణి కూరగాయలు కొంటున్నారనుకుందాం. కిలో 40 రూపాయల చొప్పున 2 కిలోల టమాటా తీసుకున్నారు. కిలో 80 రూపాయల పచ్చిమిర్చి 'డేఢ్ పావ్', అంటే 375 గ్రాములు తూయించారు. అమ్మే మనిషి ధర హిందీలో చెబుతాడు. ఆమె లెక్క తెలుగులో వేసుకుంటారు. 80కి 30 కలిపితే 110. 200 ఇస్తే 90 తిరిగి రావాలి. ఈలోగా పక్కనున్న పిల్లవాడు ఏదో అడుగుతాడు. అతనికి జవాబు చెబుతూనే ఆమె ఆ 90ని మనసులో పట్టి ఉంచుతారు. చిల్లర చేతికి రాగానే ఆ అంకెతో పని తీరిపోతుంది. మరుక్షణం అది మనసులోంచి జారిపోతుంది.

ఇలా కొద్ది క్షణాలపాటు సమాచారాన్ని మనసులో నిలుపుకొని దానితో పని చేయించే శక్తిని శాస్త్రవేత్తలు వర్కింగ్ మెమరీ అంటారు. తెలుగులో క్రియాశీల స్మృతి అనవచ్చు. చదువు, లెక్క, సంభాషణ, వాహనం నడపడం, వంట, ఏ పనికైనా ఇదే ఆధారం. వయసు పైబడినప్పుడు, కొన్ని మానసిక, నాడీ వ్యాధులలో ఇది తగ్గుతుంది.

తలపై నుంచి స్వల్ప విద్యుత్తునో, అయస్కాంత తరంగాలనో పంపి ఈ శక్తిని పెంచవచ్చా అన్న ప్రశ్నపై రెండు దశాబ్దాలకు పైగా పరిశోధనలు జరుగుతున్నాయి. కోత, కుట్టు అవసరం లేని ఈ పద్ధతులను శస్త్రచికిత్స లేని మెదడు ఉద్దీపన అని పిలుస్తున్నారు. పోటీ పరీక్షలకు సిద్ధమయ్యే పిల్లల తల్లిదండ్రులకు, మతిమరుపుతో బాధపడే వృద్ధుల కుటుంబాలకు ఈ మాట సహజంగానే ఆశ కలిగిస్తుంది. ఆ ఆశకు ఎంతవరకు ఆధారం ఉందో తెలుసుకోవడం డబ్బు ఖర్చు చేయకముందే అవసరం.

అవధానిని తలచుకుంటే అర్థమవుతుంది

వర్కింగ్ మెమరీ అంటే ఏమిటో తెలుగువారికి వివరించడానికి అవధానం కంటే మంచి ఉదాహరణ దొరకదు. అష్టావధానంలో నిషిద్ధాక్షరి పృచ్ఛకుడు అడుగడుగునా ఒక అక్షరాన్ని నిషేధిస్తాడు. అవధాని ఆ అక్షరాన్ని తప్పించి, అర్థం చెడకుండా, ఛందస్సు తప్పకుండా పద్యం నడపాలి. మధ్యలో అప్రస్తుత ప్రసంగి అడ్డు తగులుతాడు. మరొకరు తోచినప్పుడల్లా గంట కొడుతుంటారు. చివరకు ఎన్ని గంటలు మోగాయో అవధాని చెప్పాలి. అంకెను నిలుపుకోవడం, దాన్ని ఎప్పటికప్పుడు సవరించుకోవడం, అడ్డుతగిలేవాటిని పక్కన పెట్టడం, ఈ మూడూ వర్కింగ్ మెమరీ చేసే పనులే.

ఈ శక్తికి పరిమితి ఉంది. సాధారణ వ్యక్తి ఒకసారి విన్న అంశాలలో ఏడింటిని, రెండు అటూ ఇటూగా, నిలుపుకోగలడని అమెరికా మనస్తత్వవేత్త జార్జ్ మిల్లర్ 1956లో రాశారు. గుంపులు కట్టుకోవడం, మననం చేసుకోవడం వంటి ఉపాయాలకు తావు లేకుండా చూస్తే ఆ సంఖ్య నాలుగు దరిదాపులకు పడిపోతుందని నెల్సన్ కోవన్ 2001లో వాదించారు. వర్కింగ్ మెమరీని వేర్వేరు విభాగాలున్న వ్యవస్థగా వర్ణించిన ప్రసిద్ధ నమూనాను బ్రిటన్‌కు చెందిన అలన్ బాడ్లీ, గ్రాహమ్ హిచ్ 1974లో ప్రతిపాదించారు.

పరిశోధనశాలల్లో దీన్ని కొలవడానికి ఎక్కువగా వాడే పరీక్ష 'ఎన్-బ్యాక్'. తెరపై అక్షరాలు ఒకదాని తర్వాత ఒకటి వస్తుంటాయి. ఇప్పుడు కనిపించిన అక్షరం మూడు అక్షరాల కిందట వచ్చినదేనా అన్నది చెప్పాలి. వినడానికి తేలికగా ఉన్నా రెండు నిమిషాల్లోనే అలసట తెలుస్తుంది.

మెదడులో ఏ చోట?

నుదుటికి వెనుక, కాస్త పైభాగాన, రెండు పక్కలా ఉండే మెదడు పొరకు వర్కింగ్ మెమరీలో ప్రధాన పాత్ర ఉంది. దీన్ని డార్సోలేటరల్ ప్రీఫ్రంటల్ కార్టెక్స్ అంటారు. చూసిన వస్తువు కళ్లెదుట నుంచి తొలగిపోయాక కూడా కోతుల మెదడులోని ఈ ప్రాంతపు నాడీకణాలు చురుకుగానే ఉంటాయని 1970ల నుంచి జరిగిన ప్రయోగాలు చూపాయి. ప్యాట్రీషియా గోల్డ్‌మన్-రాకిక్ పరిశోధనలు ఈ అవగాహనను స్థిరపరిచాయి.

అయితే ఈ ప్రాంతం ఒంటరిగా పనిచేయదు. తల పక్కభాగంలోని పరైటల్ ప్రాంతం, కణతల వద్దనున్న టెంపొరల్ ప్రాంతం దీనితో నిరంతరం సమన్వయంలో ఉంటాయి. ఆ సమన్వయం నాడీ తరంగాల లయ ద్వారా సాగుతుంది. సెకనుకు 4 నుంచి 8 సార్లు వచ్చే నెమ్మది తరంగాలను తీటా అని, 30కి మించిన వేగపు తరంగాలను గామా అని అంటారు. ఉద్దీపన పద్ధతులన్నీ ఈ ప్రాంతాలనో, ఈ లయలనో లక్ష్యంగా చేసుకున్నవే.

మూడు పద్ధతులు, మూడు రకాల పని

మొదటిది టీడీసీఎస్, అంటే ట్రాన్స్‌క్రేనియల్ డైరెక్ట్ కరెంట్ స్టిమ్యులేషన్. ఉప్పునీటిలో తడిపిన స్పాంజి తొడిగిన రెండు ఎలక్ట్రోడ్లను తలపై అమర్చి, 1 లేదా 2 మిల్లీ ఆంపియర్ల నేరు విద్యుత్తును 10 నుంచి 30 నిమిషాలపాటు పంపుతారు. ఈ విద్యుత్తు నాడీకణాలను బలవంతంగా స్పందింపజేసేంత శక్తి కలది కాదు. స్పందించడానికి వాటికున్న సంసిద్ధతను కొద్దిగా మారుస్తుంది. ధన ఎలక్ట్రోడ్ కింద సంసిద్ధత పెరుగుతుందని, రుణ ఎలక్ట్రోడ్ కింద తగ్గుతుందని సామాన్యంగా చెబుతారు. నిజ జీవితంలో ఫలితం ప్రతిసారీ అంత సూటిగా ఉండదు.

రెండవది టీఏసీఎస్. ఇక్కడ విద్యుత్తు ఒకే దిశలో పోకుండా నిర్ణీత లయలో దిశ మార్చుకుంటుంది. మెదడులోని సహజ తరంగాలు ఆ లయతో శ్రుతి కలుపుతాయన్నది దీని వెనుక ఉన్న ఆలోచన.

మూడవది టీఎంఎస్, అంటే ట్రాన్స్‌క్రేనియల్ మాగ్నెటిక్ స్టిమ్యులేషన్. తలకు ఆనించిన తీగచుట్టలో క్షణకాలం బలమైన విద్యుత్తు పారించి అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తారు. ఆ క్షేత్రం పుర్రెను దాటి లోపలికి వెళ్లి అక్కడ స్వల్ప విద్యుత్తును ప్రేరేపిస్తుంది. మొదటి రెండు పద్ధతులలా కాకుండా ఇది నాడీకణాలను నేరుగా స్పందింపజేయగలదు. బ్రిటన్‌లోని షెఫీల్డ్‌లో ఆంథొనీ బార్కర్ బృందం 1985లో దీన్ని తొలిసారి ప్రదర్శించింది. పదే పదే ఇచ్చే పద్ధతిని ఆర్‌టీఎంఎస్ అంటారు.

తలకు విద్యుత్తును తాకించడం కొత్త ఆలోచన కాదు. విద్యుత్తు పుట్టించే టార్పిడో చేపను తలపై ఉంచితే తలనొప్పి తగ్గుతుందని రోమన్ వైద్యుడు స్క్రిబోనియస్ లార్గస్ క్రీ.శ. మొదటి శతాబ్దంలోనే రాశాడు. ఆధునిక దశకు నాంది జర్మనీలోని గటింగెన్‌లో పడింది. పుర్రెపై నుంచి పంపిన స్వల్ప విద్యుత్తు మెదడులోని కదలికల కేంద్రపు చురుకును మార్చగలదనీ, విద్యుత్తు ఆపిన తర్వాత కూడా ఆ మార్పు కొన్ని నిమిషాలపాటు నిలుస్తుందనీ మైకేల్ నిట్షె, వాల్టర్ పౌలుస్ 2000లో కొలిచి చూపారు. ఆ తర్వాతే ఈ రంగంలో పరిశోధనలు వెల్లువెత్తాయి.

ఆశ రేపిన ఫలితాలు

వర్కింగ్ మెమరీపై తొలి ముఖ్య ప్రయోగం 2005లో వెలువడింది. ఫెలిపె ఫ్రెగ్ని బృందం 15 మంది ఆరోగ్యవంతులకు ఎడమ నుదుటి ప్రాంతంపై 1 మిల్లీ ఆంపియర్ విద్యుత్తును 10 నిమిషాలపాటు ఇచ్చింది. ఆ సమయంలో వారు మూడక్షరాల వెనక్కి గుర్తుంచుకునే పరీక్ష రాశారు. నకిలీ ఉద్దీపన పొందినప్పటి కంటే అసలు ఉద్దీపన పొందినప్పుడు సరైన జవాబులు ఎక్కువ వచ్చాయి.

2019లో అమెరికాలోని బోస్టన్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ రైన్‌హార్ట్, జాన్ న్గుయెన్ చేసిన ప్రయోగం ప్రపంచవ్యాప్తంగా చర్చకు వచ్చింది. 20 నుంచి 29 ఏళ్ల యువకులు 42 మంది, 60 నుంచి 76 ఏళ్ల పెద్దలు 42 మంది ఇందులో పాల్గొన్నారు. పెద్దవారి మెదడులో నుదుటి ప్రాంతానికీ కణత ప్రాంతానికీ మధ్య తీటా లయ సడలిపోయినట్లు పరిశోధకులు గమనించారు. వ్యక్తికి తగ్గట్టు లయను ఎంచి 25 నిమిషాలపాటు టీఏసీఎస్ ఇవ్వగా, చిత్రాలలో తేడా గుర్తించే పరీక్షలో పెద్దలు యువకుల స్థాయిని అందుకున్నారు. పరీక్ష కొనసాగిన సుమారు 50 నిమిషాల వరకూ ఆ ప్రభావం కనిపించింది.

అదే విశ్వవిద్యాలయంలో శ్రేయ్ గ్రోవర్, రైన్‌హార్ట్ తదితరులు 2022లో మరో అడుగు వేశారు. 65 నుంచి 88 ఏళ్ల వయసున్న 150 మందిపై వరుసగా 4 రోజులు, రోజుకు 20 నిమిషాల చొప్పున ఉద్దీపన జరిపారు. పరైటల్ ప్రాంతానికి నెమ్మది తీటా లయ ఇచ్చినప్పుడు వర్కింగ్ మెమరీ మెరుగుపడింది. నుదుటి ప్రాంతానికి వేగపు గామా లయ ఇచ్చినప్పుడు ఎక్కువకాలం నిలిచే జ్ఞాపకం మెరుగుపడింది. ఈ మెరుగుదల నెల రోజుల తర్వాత కూడా కనిపించింది. ప్రారంభంలో మేధాశక్తి పరీక్షల్లో తక్కువ స్థాయిలో ఉన్నవారికే ఎక్కువ మేలు జరగడం గమనార్హం.

ఈ ప్రయోగాల్లో కొలిచినది పదాల జాబితాలు, తెరపై చిత్రాలు గుర్తుంచుకోవడమే. మందులు వేళకు వేసుకోవడం, ఇంటి లెక్కలు చూసుకోవడం, దారి తప్పకుండా ఇల్లు చేరడం వంటి దైనందిన విషయాల్లో ఎంత మార్పు వచ్చిందన్నది వాటి పరిధిలో లేదు.

సందేహాలు ఎందుకు?

ఒకే పూట ఇచ్చిన టీడీసీఎస్ ఫలితాలన్నిటినీ గుదిగుచ్చి జేర్డ్ హోర్వత్ బృందం 2015లో పరిశీలించింది. ఆరోగ్యవంతుల మేధాశక్తిపై నమ్మదగిన ప్రభావం కనిపించలేదని తేల్చింది. వారు అనుసరించిన గణన పద్ధతిపై ఇతర శాస్త్రవేత్తలు అభ్యంతరాలు లేవనెత్తారు. తర్వాత వచ్చిన సమీక్షల్లో కొన్ని స్వల్ప ప్రయోజనం ఉందన్నాయి. జ్ఞాపకశక్తి సాధనతో జోడించినప్పుడే అది కాస్త స్పష్టంగా కనిపిస్తుందని చెప్పాయి. మొత్తం మీద ప్రభావం ఉన్నా చిన్నదేనన్నది ఈ సమీక్షల సారాంశం.

రెండో సందేహం భౌతికమైనది. తలపై పెట్టిన విద్యుత్తులో మెదడుకు చేరేది ఎంత? హంగరీ, అమెరికా శాస్త్రవేత్తలు మృతదేహాలపైనా జంతువులపైనా కొలతలు తీసి 2018లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, విద్యుత్తులో దాదాపు 75 శాతం చర్మం, కండరం, పుర్రెలలోనే తరిగిపోతుంది. పుర్రె మందం, లోపలి ద్రవం పరిమాణం, మెదడు మడతల తీరు మనిషి మనిషికీ వేరు. అందువల్ల ఒకే యంత్రం, ఒకే మోతాదు ఇద్దరిలో రెండు రకాల ఫలితాలివ్వవచ్చు.

మూడో సందేహం నమ్మకానికి సంబంధించినది. చికిత్స అందుతోందన్న భావనే పరీక్షలో కొంత మెరుగుదల తేగలదు. అందుకే మంచి ప్రయోగాలలో కొందరికి నకిలీ ఉద్దీపన ఇస్తారు. తొలి కొన్ని సెకన్లు మాత్రం విద్యుత్తు పంపి, చర్మం చిమచిమలాడిన తర్వాత ఆపేస్తారు. తమకు ఏది అందిందో పాల్గొన్నవారికి తెలియకూడదు. ఈ జాగ్రత్త లేని ప్రయోగాల ఫలితాలను నమ్మలేం.

నాలుగోది, లాభానికి వెల ఉండవచ్చు. కొత్త అంకెల గుర్తులు నేర్చుకునేవారిపై తెరెసా యుకులానో, రోయ్ కోహెన్ కాడోష్ జరిపిన 2013 నాటి ప్రయోగంలో, పరైటల్ ప్రాంతాన్ని ఉద్దీపింపజేస్తే నేర్చుకోవడం వేగవంతమైంది. కాని నేర్చుకున్నది అలవోకగా రావడం దెబ్బతింది. నుదుటి ప్రాంతాన్ని ఉద్దీపింపజేసినప్పుడు ఇందుకు విరుద్ధంగా జరిగింది. ఒక సామర్థ్యం పెరిగినచోట మరొకటి తగ్గే అవకాశాన్ని ఇది చూపింది.

ఈ ఫలితాలన్నీ కలిపి చూస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. ఈ విద్యుత్తు కొత్త జ్ఞాపకశక్తిని తెచ్చిపెట్టదు. అప్పటికే పనిచేస్తున్న నాడీజాలాన్ని కొద్దిగా అటో ఇటో నెడుతుంది. ఆ జాలం ఏ స్థితిలో ఉంది, ఆ సమయంలో ఏం పని చేస్తోంది అన్న దానిపైనే ఫలితం ఆధారపడుతుంది.

వైద్యంలో దీని స్థానం

జ్ఞాపకశక్తి సంగతి పక్కన పెడితే, టీఎంఎస్‌కు వైద్యంలో స్థిరమైన స్థానం ఉంది. మందులకు లొంగని కుంగుబాటుకు ఆర్‌టీఎంఎస్ యంత్రాన్ని వాడేందుకు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2008లో అనుమతించింది. 414 మందిపై జరిగి 2018లో వెలువడిన అధ్యయనంలో, 3 నిమిషాల కొత్త తరహా ఉద్దీపన 37.5 నిమిషాల పాత పద్ధతికి తీసిపోదని రుజువైంది. టీడీసీఎస్ విషయంలో ఫలితాలు మిశ్రమంగా ఉన్నాయి. జర్మనీలో 160 మందిపై జరిగి 2023లో ప్రచురితమైన అధ్యయనంలో, మందులతోపాటు ఇచ్చిన టీడీసీఎస్ నకిలీ చికిత్స కంటే మెరుగైన ఫలితం చూపలేదు.

భారతదేశంలో బెంగళూరులోని నిమ్హాన్స్ ఈ రంగంలో ముందుంది. స్కిజోఫ్రెనియా రోగులకు వినిపించే లేని మాటలను తగ్గించడానికి టీడీసీఎస్ ఎంతవరకు ఉపకరిస్తుందన్న దానిపై అక్కడ కొన్నేళ్లుగా అధ్యయనాలు సాగుతున్నాయి. ఛత్తీస్‌గఢ్‌కు పొరుగున ఉన్న రాంచీలోని సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైకియాట్రీ నుంచి ఆర్‌టీఎంఎస్ పరిశోధనలు వెలువడ్డాయి. స్కిజోఫ్రెనియాలో వర్కింగ్ మెమరీ లోపం రోగి తిరిగి చదువులోనో, ఉద్యోగంలోనో నిలదొక్కుకోవడానికి పెద్ద అడ్డంకి. వినిపించే మాటలను మందులు అణచినంతగా ఈ లోపాన్ని సరిచేయలేవు. అందుకే ఈ రోగుల విషయంలో పరిశోధన కొనసాగవలసిన అవసరం బలంగా ఉంది.

ఆరోగ్యవంతుల జ్ఞాపకశక్తిని పెంచడం వేరు సంగతి. దానికి ఈ పద్ధతులు ఇంకా పరిశోధన దశలోనే ఉన్నాయి.

ఛత్తీస్‌గఢ్‌లో ముందు చూడవలసినవి

పిల్లవాడు చెప్పింది వెంటనే మరచిపోతున్నాడంటే ఉద్దీపన యంత్రం గురించి ఆలోచించే ముందు కారణం వెతకాలి. ఛత్తీస్‌గఢ్‌లో ఇందుకు ఒక ప్రత్యేక కారణం ఉంది. సికిల్ సెల్ వ్యాధి ఎక్కువగా కనిపించే రాష్ట్రాలలో ఇది ఒకటి. గిరిజన తెగలలోనే గాక ఇతర వర్గాలలోనూ ఈ వ్యాధి ఉంది. ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారి సన్నని రక్తనాళాలను అడ్డుకుంటాయి. మెదడులో ఇలా జరిగితే పైకి ఏ లక్షణమూ కనిపించని చిన్న చిన్న దెబ్బలు తగులుతాయి. వీటిలో అధికభాగం నుదుటి ప్రాంతపు లోపలి పొరల్లోనే ఏర్పడతాయి. వర్కింగ్ మెమరీకి ఆధారమైన ప్రాంతం కూడా అదే.

విదేశాలలో జరిగిన అధ్యయనాల్లో, తీవ్రరకం సికిల్ సెల్ ఉన్న పిల్లల్లో మూడో వంతు కంటే ఎక్కువమందికి 18 ఏళ్లు నిండేలోపే ఇలాంటి దెబ్బలు కనిపించాయి. భారతదేశంలో ఈ వ్యాధి స్వభావం కొంత భిన్నం కాబట్టి అదే సంఖ్యను ఇక్కడికి అన్వయించకూడదు. అయినా సికిల్ సెల్ ఉన్న పిల్లవాడు చదువులో వెనుకబడితే 'శ్రద్ధ లేదు' అని కోప్పడి ఊరుకోవడం సరికాదు. రక్తపరీక్ష, హైడ్రాక్సీయూరియా వంటి మందులు, అవసరమైతే మెదడుకు రక్తప్రసరణ పరీక్షలు, వీటికి బలమైన ఆధారాలున్నాయి. రాయ్‌పూర్‌లో ఈ వ్యాధి కోసమే రాష్ట్ర ప్రభుత్వ సికిల్ సెల్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. జాతీయ సికిల్ సెల్ రక్తహీనత నిర్మూలన కార్యక్రమం 2023 జూలై 1న ప్రారంభమైంది.

మెదడుకు సోకిన మలేరియా నుంచి కోలుకున్న పిల్లల్లోనూ జ్ఞాపకశక్తి, ఏకాగ్రత లోపాలు మిగలవచ్చు. బస్తర్ ప్రాంతపు కుటుంబాలు ఇది గుర్తుంచుకోవాలి. పెద్దల విషయానికి వస్తే థైరాయిడ్ లోపం, విటమిన్ బీ12 లోపం, రక్తహీనత, కుంగుబాటు, మధుమేహం, వినికిడి లోపం, నిద్రలేమి, కొన్ని రకాల నిద్రమాత్రలు, వీటన్నిటివల్లా మతిమరుపు వస్తుంది. వీటిలో చాలావాటికి సాధారణ చికిత్స ఉంది.

భిలాయి ఉక్కు కర్మాగారంలోనూ రైల్వేలోనూ రాత్రి షిఫ్టులు చేసే కుటుంబాలకు నిద్ర ప్రత్యేకంగా ప్రస్తావించవలసిన విషయం. నిద్ర తగ్గితే మొదట దెబ్బతినే సామర్థ్యాలలో ఏకాగ్రత, వర్కింగ్ మెమరీ ఉంటాయి. రాత్రంతా మేలుకున్నవారు తమకు ఏమీ కాలేదనుకుంటారు. పరీక్షిస్తే తప్పులు బయటపడతాయి.

సురక్షితమేనా?

పరిశోధనశాలల్లో నిర్ణీత మోతాదులో ఇచ్చిన టీడీసీఎస్ వల్ల తీవ్రమైన హాని జరిగినట్లు ఆధారాలు లేవు. 33 వేలకు పైగా ఉద్దీపనలను సమీక్షించి 2016లో ప్రచురించిన నివేదిక ఈ మాట చెప్పింది. 40 నిమిషాలకు, 4 మిల్లీ ఆంపియర్లకు మించని వాడకానికే ఆ మాట వర్తిస్తుంది. చర్మం చిమచిమలాడటం, దురద, ఎర్రబడటం, కొద్దిపాటి తలనొప్పి సాధారణంగా కనిపిస్తాయి. స్పాంజి ఆరిపోతే చర్మం కాలవచ్చు.

టీఎంఎస్‌లో అరుదుగా మూర్ఛ వచ్చే ప్రమాదం ఉంది. మూర్ఛవ్యాధి ఉన్నవారు, తలలో లోహపు క్లిప్పులు, చెవిలో కాక్లియర్ ఇంప్లాంట్ ఉన్నవారు, పేస్‌మేకర్ అమర్చుకున్నవారు ఆ విషయం వైద్యునికి ముందే చెప్పాలి. గర్భిణులు, ఎదిగే పిల్లల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. పిల్లల మెదడు ఇంకా రూపుదిద్దుకుంటూ ఉంటుంది. వారి పుర్రె పలుచన కాబట్టి పెద్దలకు నిర్ణయించిన మోతాదు వారిలో ఎక్కువ ప్రభావం చూపవచ్చు.

టీడీసీఎస్ యంత్రం నిర్మాణం సులభం. 9 వోల్టుల బ్యాటరీతోనే అది పనిచేయగలదు. ఆ సులువే ప్రమాదాన్ని తెచ్చింది. అంతర్జాలంలో చూసి సొంతంగా తయారు చేసుకునేవారు, కొని ఇంట్లో వాడుకునేవారు పెరగడంతో 2016లో పలువురు నాడీశాస్త్రవేత్తలు బహిరంగ లేఖ రాశారు. ఎలక్ట్రోడ్ కింద ఉన్న ప్రాంతంపైనే గాక దూర ప్రాంతాలపైనా ప్రభావం పడుతుందని, రోజూ నెలల తరబడి వాడితే ఏమవుతుందో అధ్యయనాలు లేవని అందులో హెచ్చరించారు. పరీక్షల ముందు బిడ్డ తలకు ఇలాంటి పరికరం కట్టడం ఏ విధంగానూ సమర్థనీయం కాదు.

ఎవరైనా ఈ చికిత్స సూచిస్తే ఏం అడగాలి?

ఏ వ్యాధికి సూచిస్తున్నారు? ఆ వ్యాధి పేరు, నిర్ధారణ రాతపూర్వకంగా ఇవ్వగలరా? 'జ్ఞాపకశక్తి పెరుగుతుంది' అన్నంత మాత్రాన అది వ్యాధి నిర్ధారణ కాదు.

ఇది చికిత్సా, పరిశోధనా? పరిశోధన అయితే దేశీయ క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదై ఉండాలి. సీటీఆర్‌ఐగా పిలిచే ఈ రిజిస్ట్రీ 2007 నుంచి పనిచేస్తోంది. అందులోని వివరాలు ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. నైతిక సంఘం అనుమతి, పాల్గొనేవారి రాతపూర్వక సమ్మతి తప్పనిసరి. పరిశోధన కోసం చేసే అదనపు ఖర్చును పాల్గొనేవారిపై మోపకూడదని భారత వైద్య పరిశోధన మండలి మార్గదర్శకాలు చెబుతున్నాయి.

యంత్రం వైద్య పరికరంగా నమోదైనదా? మన దేశంలో 2020 ఏప్రిల్ 1 నుంచి వైద్య పరికరాలన్నీ ఔషధాల చట్టం పరిధిలోకి వచ్చాయి.

ఎన్ని సార్లు, ఎంత ఖర్చు, మేలు కనిపించకపోతే ఎప్పుడు ఆపుతారు? దుష్ప్రభావం కలిగితే బాధ్యత ఎవరిది? ఈ ప్రశ్నలకు స్పష్టమైన జవాబు రాకపోతే తొందరపడనక్కరలేదు.

సలహా కోసం రాయ్‌పూర్‌లోని ఎయిమ్స్‌కు గాని, పండిట్ జవహర్‌లాల్ నెహ్రూ స్మారక వైద్య కళాశాలకు అనుబంధమైన డాక్టర్ అంబేడ్కర్ ఆసుపత్రికి గాని వెళ్లవచ్చు. బిలాస్‌పూర్ సమీపంలోని సేంద్రీలో రాష్ట్ర మానసిక ఆరోగ్య ఆసుపత్రి ఉంది. ఇంటి నుంచే మాట్లాడదలచినవారు 14416 నంబరుకు ఫోన్ చేయవచ్చు. 2022 అక్టోబరులో ప్రారంభమైన ఈ టెలీ-మానస్ సేవ తెలుగులోనూ లభిస్తుంది.

సాధనతో పెరగదా?

అవధాని అంత గుర్తుంచుకోగలిగినప్పుడు సాధనతో మనమూ పెంచుకోలేమా అన్న ప్రశ్న న్యాయమైనదే. 1980లో అమెరికాలో వెలువడిన ఒక ప్రసిద్ధ అధ్యయనంలో, ఒక విద్యార్థి 20 నెలలపాటు, 200 గంటలకు పైగా సాధన చేసి ఒకసారి విన్న 79 అంకెలను వరుసగా అప్పజెప్పే స్థాయికి చేరాడు. మొదట్లో అతనూ ఏడు అంకెలవాడే. అతను పరుగు పందేల వాడు. అంకెలను పందెపు సమయాలుగా గుంపులు కట్టుకుని గుర్తుంచుకున్నాడు. అంకెల బదులు అక్షరాలు ఇస్తే మళ్లీ ఆరు దగ్గరే ఆగిపోయాడు. పెరిగినది అంకెలను కూర్చుకునే నేర్పు. సాధారణ సామర్థ్యం అంతే ఉంది. కంప్యూటర్ ఆటలతో చేసే వర్కింగ్ మెమరీ సాధనపై తర్వాత జరిగిన సమీక్షలూ దాదాపు ఇదే చెప్పాయి. ఆడిన ఆటలో నైపుణ్యం వస్తుంది. చదువుకు, జీవితానికి అది అంతగా బదిలీ కాదు.

కాబట్టి ప్రస్తుతానికి దారి ఇది. నిద్ర సరిచూసుకోవాలి. రక్తహీనత, థైరాయిడ్, వినికిడి పరీక్షించుకోవాలి. నడక, వ్యాయామం అలవరచుకోవాలి. ఏ పనిలో మరుపు ఇబ్బంది పెడుతోందో ఆ పనినే క్రమంగా సాధన చేయాలి. మనసుపై భారం తగ్గించుకోవడానికి కాగితం మీద రాసుకోవడంలో చిన్నతనమేమీ లేదు. మానసిక, నాడీ వ్యాధులతో బాధపడేవారికి వైద్యులు ఉద్దీపన చికిత్స సూచిస్తే భయపడి దూరం కానక్కరలేదు. పై ప్రశ్నలు అడిగి ముందుకు సాగవచ్చు. పరీక్షలో నాలుగు మార్కులు ఎక్కువ రావాలని ఆరోగ్యవంతుడైన బిడ్డ తలపై విద్యుత్తు పెట్టడానికి మాత్రం నేటి శాస్త్రం అనుమతి ఇవ్వడం లేదు.